గాలికి ఎదురైన ఇల్లు

ఒకే పటము ననుసరించి, ఒకే మేస్త్రి చేత కట్టించిన రెండు ఇండ్లను ఊహింపుడు. ఒకటి విశాఖపట్టణమున సముద్రమున కెదురుగా నున్నది. రెండవది అదే నగరమున ఇండ్ల నడుమ నున్నది. గోడల మందము, కప్పు, ఎత్తు సమానమే. ఐనను తుపాను నాడు రెండింటిమీద పడు ఒత్తిడి సమానము కాదు. ఇంజనీర్లు ఈ భేదమును ఎట్లు లెక్కింతురో కొంత వివరింప దలచితిమి.

గాలి నేలను రాచుకొనుచు సాగును. సముద్రపు నీటిమీద దానికి తగులు రాపిడి స్వల్పము. చెట్లు, గోడలు, మేడలు అడ్డము వచ్చిన కొలది నేలకు దగ్గరి పొరలలో వేగము తగ్గును, సుడులు హెచ్చును. పైకి పోయిన కొలది ఈ ప్రభావము సన్నగిల్లును. కావున ఇల్లెంత గట్టిదని అడుగుటకు ముందు, గాలి ఏ నేలమీదుగా వచ్చి ఆ యింటిని తాకునని అడుగవలెను.

భారతీయ ప్రమాణాల బ్యూరో 2015లో సవరించిన 875వ ప్రమాణపు మూడవ భాగము నేలలను నాలుగు తరగతులుగా విభజించినది. అడ్డులేని సముద్రతీరము, చెట్లులేని మైదానము మొదటి తరగతి. అక్కడక్కడ చెట్లు, ఇండ్లు గల బయలు రెండవది. పది మీటర్ల వరకు ఎత్తుగల కట్టడములు దగ్గర దగ్గరగా నున్న పేటలు మూడవది. ఎత్తైన మేడలు క్రిక్కిరిసిన మహానగర మధ్యభాగము నాలుగవది. విశాఖకు విధించిన మూలవేగము సెకండునకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదునకు ఇది 44 మీటర్లే. రెండవ తరగతి నేలపై, పది మీటర్ల ఎత్తున, మూడు సెకండ్లపాటు నిలుచు విసురునకు చెందిన లెక్క యిది. అదే ఎత్తున మొదటి తరగతి నేలకు దీనిని 1.05తోను, మూడవ తరగతికి 0.91తోను హెచ్చింపవలెను.

ఈ అంకెల తేడా చిన్నదిగా కనుపించును. కాని ఒత్తిడి వేగపు వర్గమును బట్టి పెరుగును. చదరపు మీటరునకు పేటలోని యింటిమీద సుమారు 127 కిలోల బరువంత ఒత్తిడి ఐనచో, తీరపు టింటిమీద సుమారు 169 కిలోలు! పైగా కప్పును గాలి అణచుట కంటె పైకి లాగుటయే తరచు. రేకులు ఎగిరిపోవుట కిదియే కారణము.

తరగతిని నిర్ణయించుటలోనే అసలు చిక్కు కలదు. ఇల్లు ఊరిలో నున్నదన్న మాట చాలదు. తీరపు వరుసలోని యింటికి పడమట ఊరు, తూర్పున సముద్రము. పడమటి గాలికి మూడవ తరగతి, తూర్పు గాలికి మొదటిది. దిక్కు దిక్కునకు విడిగా లెక్కింపనిచో బయలుదిక్కునే గైకొనుట క్షేమము. ఊరి అంచు దాటగానే గాలి మందగింపదు. కట్టడముల మీదుగా కొంత దూరము సాగవలెను. ఇల్లు కొండవాలున నున్నచో వేగము హెచ్చును; దానికి వేరొక గుణకము కలదు.

చెట్ల చాటును నమ్ముకొనువారు పెక్కురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలినవి. తొలిగంటలో చాటిచ్చిన చెట్టు కడవరకు నిలుచునను నమ్మిక లేదు. ప్రక్క స్థలములోని పాతమేడయు అంతే. దానిని రేపు పడగొట్టవచ్చును. రెండు తరగతుల నడుమ సందేహము కలిగినచో బయలుకు దగ్గరి తరగతినే ఎన్నుకొనవలెనని మా అభిప్రాయము.

ఇండ్ల కప్పులు పోయిన రాత్రి జనులు చేరు ఆసుపత్రులకు, పాఠశాలలకు, తుపాను ఆశ్రయములకు నియమము మరింత కఠినము. తూర్పు తీరమునుండి 60 కిలోమీటర్లలోపు నున్న ఇట్టి కట్టడములకు వేగమును 1.30తో హెచ్చింపవలెను, అప్పుడు ఒత్తిడి 1.69 రెట్లగును.