నికాహ్‌నామా బీరువాలో ఉంటే చాలదు

గల్ఫ్‌లో సాధారణంగా ఇఖామా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. భర్త కొలువు ముగిస్తే, ఆయన మీద ఆధారపడిన భార్య నివాసమూ ముగుస్తుంది. అయితే 55 ఏళ్లు నిండి, తగిన ఆదాయమో ఆస్తో ఉన్నవారికి దుబాయి 2020లో 5 ఏళ్ల విశ్రాంత వీసా ప్రారంభించింది. దానిపై భార్యనూ వెంట ఉంచుకోవచ్చు.

అందుకు పెళ్లి రుజువు కావాలి. ఖాజీ సాహెబు ఉర్దూలో రాసిచ్చిన నికాహ్‌నామా ఒక్కటే సరిపోదు. నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో ఇంగ్లీషు వివాహ ధ్రువపత్రం తీసుకోవాలి. దానిపై మన విదేశాంగ శాఖ, ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ముద్రలు పడాలి.

అసలు చిక్కు పేరుతోనే. నికాహ్‌నామాలో ‘బేగం’, పాస్‌పోర్టులో ‘బీ’ అని ఉంటే, నలభై ఏళ్ల కాపురానికీ మళ్లీ సాక్ష్యం అడుగుతారు. భార్యకు నీడ కల్పించడం భర్త బాధ్యత. కనుక సోదరులారా, కొలువులో ఉండగానే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.