పిల్లలు మాట్లాడటం మానేశారా? చర్చికి వెళ్లే అమ్మానాన్నలు ఏం చేయొచ్చు.. చట్టం ఏం చెబుతోంది?

గజపతినగరం: ఆదివారం ఆరాధన చివర్లో ప్రార్థన మనవులు అడుగుతారు. ఒకరు మోకాలి నొప్పి గురించి చెబుతారు, ఇంకొకరు మనవరాలి పరీక్షల గురించి చెబుతారు. కొందరు పెద్దవాళ్లు మాత్రం ‘మా ఇంటి కోసం ప్రార్థన చేయండి’ అని ఆపేస్తారు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకో, కూతురో ఫోన్ ఎత్తడం లేదని నలుగురిలో చెప్పలేరు. చెబితే సంఘంలో సాక్ష్యం పోతుందని భయం.

ఇలాంటి ఇళ్లల్లో రెండు సమస్యలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి తిండి, మందుల ఖర్చు. రెండోది తెగిపోయిన మాట. మొదటిదానికి చట్టం ఉంది. రెండోదానికి లేదు. ఈ రెండింటినీ విడివిడిగా చూడటమే మొదటి అడుగు.

ఎందుకు దూరమవుతున్నారు?

ఉత్తరాంధ్రలో కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దం చివర్లోనే పని మొదలుపెట్టారు. అంటే కొన్ని కుటుంబాలకు ఈ విశ్వాసం నాలుగైదు తరాలది. అలాంటి ఇంట్లో పిల్లలు చర్చి మానేసినా, వేరే మతంవాళ్లను పెళ్లి చేసుకున్నా, ఇంకో సంఘానికి మారినా పెద్దలకు అది కొంపమీదికి వచ్చినట్టే ఉంటుంది. ఆస్తి పంపకాల గొడవలు సరేసరి.

కుల ధ్రువీకరణ పత్రం కూడా ఒక కారణం కావచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందకు వస్తారు. దీంతో ఉద్యోగం ఏమవుతుందోనన్న భయం ఉన్నవాళ్లు చర్చి దగ్గర కనిపించడానికే వెనకాడతారు. ‘దేవుణ్ణి వదిలేశాడు’ అని పెద్దలు, ‘నా బతుకు మీకు పట్టదా’ అని పిల్లలు.. మాట అక్కడే తెగిపోతుంది.

బైబిల్ ఒక్క వైపే మాట్లాడుతుందా?

తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞ అందరికీ గుర్తుంటుంది. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనం పిల్లలకు విధేయత నేర్పుతుంది. అదే అధ్యాయం నాలుగో వచనం మాత్రం తండ్రులకు చెప్పింది, పిల్లలకు కోపం రేపొద్దని. మార్కు 7వ అధ్యాయంలో దేవుడికి అర్పించామన్న సాకుతో అమ్మానాన్నలను చూడనివాళ్లను యేసు తప్పుపడతారు. బాధ్యత రెండు వైపులా ఉంది.

లూకా 15లో వరసగా మూడు ఉపమానాలున్నాయి. తప్పిపోయిన గొర్రెను కాపరి వెతుక్కుంటూ వెళతాడు. పోయిన నాణెం కోసం ఆవిడ దీపం పెట్టి ఇల్లంతా ఊడుస్తుంది. కానీ కొడుకు వెళ్లిపోతే తండ్రి వెంటపడడు. వాడు దూరంగా కనబడగానే మాత్రం పరుగెత్తుతాడు. ఎదిగిన మనిషిని లాక్కుని రాలేం, తలుపు మాత్రం తీసి ఉంచగలం.

ఇంట్లోనే చేయగలిగినవి

* చిన్న మెసేజ్ పెట్టండి. ‘నాన్నా, ఒంట్లో బాగుందా? వీలైనప్పుడు చెయ్యి’ అంటే చాలు. అందులో వాక్యం చెప్పొద్దు, ‘ఆదివారం గుడికి వెళ్లావా’ అని అడగొద్దు.

* క్షమాపణ సూటిగా ఉండాలి. ‘ఏమైనా తప్పుంటే క్షమించు’ అంటే పిల్లలకు అది తప్పించుకున్నట్టే వినిపిస్తుంది. ‘నీ పెళ్లికి రాకపోవడం నా తప్పే’ అంటే అది వేరు.

* పిల్లల సంగతి సాక్ష్యంలోనూ, సంఘం వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు. వాళ్ల చెవిన పడితే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది.

* పాస్టర్ గారినో, మేనమామనో రాయబారం పంపేముందు పిల్లలకు ఇష్టమో కాదో కనుక్కోండి. వద్దంటే ఆగండి.

* దిగులుతో నిద్ర, తిండి తప్పితే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది.

ఖర్చులకు ఇబ్బందైతే..

హిందువులకు తల్లిదండ్రుల పోషణపై 1956 చట్టం ఉంది. క్రైస్తవులకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయినా బెంగ అక్కర్లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007 అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు 60 ఏళ్లు నిండకపోయినా దరఖాస్తు చేసుకోవచ్చు.

దరఖాస్తు ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి. గజపతినగరం మండలం బొబ్బిలి రెవెన్యూ డివిజన్‌లో ఉంది. లాయర్‌ను పెట్టుకోవాల్సిన పని లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. నెలకు గరిష్ఠంగా రూ.10 వేల వరకు ఇప్పించవచ్చని చట్టంలో ఉంది. విచారణకు ముందు కేసును రాజీ అధికారికి పంపే వీలూ ఉంది.

ఆస్తి రాసిచ్చేముందు జాగ్రత్త. ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు గిఫ్ట్ డీడ్‌లో రాయించుకుంటే, పిల్లలు మాట తప్పినప్పుడు సెక్షన్ 23 కింద దాన్ని రద్దు చేయమని అడగొచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఎల్డర్‌లైన్ 14567కి ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు ఫోన్ చేస్తే చెబుతారు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పూట గడవకపోతే సిగ్గుపడకుండా ఆర్డీవో ఆఫీసుకు వెళ్లండి, అది మీ హక్కు. ఖర్చులకు లోటు లేకపోయినా పిల్లల్ని దారికి తెచ్చుకోవడానికే కేసు వేస్తే మాత్రం డబ్బు వస్తుందేమో గానీ మనిషి ఇంకా దూరమవుతాడు. ఎప్పుడో ఒకరోజు ఆ ఫోన్ మోగితే ‘ఇన్నాళ్లూ ఏమైపోయావు’ అని మొదలుపెట్టకండి. ‘తిన్నావా’ అని అడగండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.