ట్రాక్ డేకి వెళ్తున్నారా? మొదటి ఖర్చు బ్రేక్ ఆయిల్‌కే

బార్కస్ నుంచి ఇంకో ఎపిసోడ్. ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే: "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ తీసుకున్నా. చెన్నై ట్రాక్ డేకి వెళ్తున్నా. పెద్ద డిస్కులు, ఎర్ర క్యాలిపర్లు వేయించాలా?"

సూటిగా చెప్తా. మొదటి ట్రాక్ డేకి అవేం అవసరం లేదు. ముందు మార్చాల్సినవి రెండే: బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు. ఎందుకో చూద్దాం.

బ్రేక్ చేసే పని, కారు వేగంలో ఉన్న శక్తిని వేడిగా మార్చడం. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఫార్ములానే: వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. డ్రైవర్‌తో కలిపి కారు బరువు 1,200 కిలోలు అనుకుందాం. చాంద్రాయణగుట్ట సిగ్నల్ దగ్గర 50 స్పీడ్ నుంచి ఆపితే దాదాపు 1.15 లక్షల జౌళ్ల వేడి పుడుతుంది. ట్రాక్ మీద స్ట్రెయిట్ చివర 160 నుంచి 80కి దించితే దాదాపు 8.9 లక్షల జౌళ్లు. అంటే మూడు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లేంత వేడి, మూడు నాలుగు సెకన్లలో!

ఇందులో ముప్పావు వంతు ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు డిస్క్ ఒక్కోటి 7 కిలోలు అనుకుంటే, ఆ ఒక్క బ్రేకింగ్‌కే దాని వేడి సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. అది చల్లారేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ దాదాపు 3.7 కి.మీ. ఒక్కో సెషన్‌లో ఎన్ని ల్యాప్‌లు తిరుగుతారో, ఎన్నిసార్లు బ్రేక్ కొడతారో లెక్కేసుకోండి. సిటీలో బాగా పనిచేసే బ్రేక్ ట్రాక్ మీద చేతులెత్తేసేది ఇందుకే.

మన ఊళ్లోనే దీనికి ఇంకో దారి చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది కదా. ఆ జెన్ 3 కార్లకు వెనక మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. మోటార్లే జనరేటర్లలా తిరిగి, గరిష్ఠంగా 600 కిలోవాట్ల దాకా శక్తిని బ్యాటరీకి వెనక్కి పంపుతాయి. మన పెట్రోల్ కారుకి ఆ దారి లేదు. పుట్టిన వేడంతా డిస్క్‌లోకి, ప్యాడ్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి పోవాల్సిందే.

సరే, అప్‌గ్రేడ్ ఏ వరుసలో చేయాలి?

ఒకటి, బ్రేక్ ఆయిల్. మనం ఆయిల్ అంటాం గానీ అది గాల్లోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక పరీక్షిస్తే ఆ కనీస హద్దు 155 మాత్రమే. మూడేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ ఎక్కడం అంటే ఆ హద్దు వైపు పోవడమే. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీరు పెడల్ తొక్కితే బుడగ నలుగుతుంది, ప్యాడ్ మాత్రం డిస్క్‌ని పట్టదు. రేసింగ్ కోసం చేసిన డాట్ 4 రకాలు 300 డిగ్రీలు దాటినా తట్టుకుంటాయి, ఉదాహరణకి మోటుల్ ఆర్‌బీఎఫ్ 600కి 312. కానీ వాటిని తరచూ మార్చాలి. ఒక హెచ్చరిక: డాట్ 5 అనేది సిలికాన్ రకం. డాట్ 5.1 వేరు, డాట్ 5 వేరు. దాన్ని ఇందులో కలపొద్దు.

రెండు, ప్యాడ్లు. కంపెనీ ప్యాడ్లు సిటీ కోసం చేసినవి. బాగా వేడెక్కితే అందులోని జిగురు పదార్థం కాలి గ్యాస్ వదులుతుంది, పట్టు పోతుంది. ట్రాక్ ప్యాడ్లు ఆ వేడిని తట్టుకుంటాయి. కానీ పూర్తి రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. చెన్నై 600 కి.మీ. పైనే. పొద్దున్నే హైవే మీద గేదె అడ్డొస్తే పరిస్థితి ఏంటి? అందుకే రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యరకం తీసుకోండి, లేదా అక్కడికెళ్లాక మార్చుకోండి. కొత్త ప్యాడ్లని ట్రాక్ మీదే, పూర్తిగా ఆపకుండా మెల్లగా పెంచుకుంటూ బ్రేకులు కొట్టి, డిస్క్‌కి అలవాటు చేయాలి.

మూడు, స్టీల్ అల్లిక పైపులు. పాత రబ్బరు పైపులు ఒత్తిడికి కొంచెం ఉబ్బుతాయి. ఇవి వేస్తే పెడల్ గట్టిగా అనిపిస్తుంది. అంతే, కారు ఆగే దూరం తగ్గదు.

నాలుగు, డిస్కులు. మండి వండే పెద్ద డేగిసా గుర్తుందా? లోహం ఎక్కువ ఉంటే వేడెక్కడానికి టైమ్ పడుతుంది. డిస్క్ కూడా అంతే, అరిగి పలచబడితే త్వరగా కాలిపోతుంది. ఎంత మందం వరకు వాడొచ్చో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది, కొలిపించండి. రంధ్రాలున్న డిస్కులు చూడ్డానికి బాగుంటాయి గానీ, ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. మామూలు డిస్క్ గానీ, గాడులున్నది గానీ మేలు.

చివరగా పెద్ద బ్రేక్ కిట్. ఇది వేడిని బాగా తట్టుకుంటుంది, నిజమే. కానీ మీ బ్రేకులు ఇప్పటికే ఏబీఎస్ పనిచేసేంత గట్టిగా పడుతున్నాయంటే, ఇక హద్దు టైర్లదే. పైగా ముందు మాత్రమే పెద్దవి వేస్తే ముందూ వెనకల బ్యాలెన్స్ చెడొచ్చు. ఇక క్యాలిపర్ మీద అతికించే రంగు కవర్లు వేడి బయటికి పోకుండా అడ్డుకుంటాయి. ట్రాక్‌కి ముందు పీకేయండి.

ఇప్పుడు చెప్పేది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగట్లేదంటే ప్యాడ్లు వేడెక్కాయి. పెడల్ స్పాంజ్‌లా మెత్తబడి కిందికి దిగుతోందంటే ఆయిల్ మరిగింది. అప్పుడు పెడల్‌ని గబగబా రెండు మూడుసార్లు పంప్ చేయండి, గేర్లు తగ్గించండి, మెల్లగా పిట్‌కి రండి. చల్లారాక పెడల్ మళ్లీ బాగానే అనిపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకో సెషన్‌కి వెళ్లొద్దు. ఆయిల్ మార్చి, గాలి తీయించాకే కదలండి.

ప్రతి సెషన్ చివరి ల్యాప్ బ్రేక్ పెద్దగా వాడకుండా చల్లగా తిరగండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, గేర్‌లో పెట్టండి.

ఇంకో మాట. ఇవన్నీ వేయించుకుని రాత్రి ఓఆర్‌ఆర్ మీద టెస్ట్ చేద్దాం అనుకునేవాళ్లకి: అక్కడ రన్ ఆఫ్ ఏరియా లేదు, మార్షల్స్ లేరు, ముందు లారీ ఉంటుంది. వేగం సరదా ట్రాక్‌లోనే తీర్చుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.