ఏ రాయైతేనేం?

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మన సామెత. ఊడిన పన్ను తిరిగి నిలబెట్టుకోవాలంటే మాత్రం ఏ రాయి అన్న విచారణ తప్పదు. ఇది పరిహాసానికి అన్నమాట కాదు. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియమూ, భాస్వరమూ కలిసిన రాయే. హైడ్రాక్సీ ఎపటైట్ అని దానికి పేరు.

2016 దాకా మా ఆలేరు నల్లగొండ జిల్లాలోనిదే గనుక మాకీ రాతి సంగతి కొత్త కాదు. బావినీటిలోని ఫ్లోరైడు ఆ రాతిలో చొరబడి పళ్ళకు మచ్చలు తెస్తుంది, ఎముకలను బిగదీస్తుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించారు. బయటి ఖనిజం ఎముకలో చేరి చెరుపు చేయడం అలా చూశాము. చేరి మేలు చేయడం ఇప్పుడు చూస్తున్నాము.

పైదవడ వెనుక పళ్ళు ఊడి ఏళ్ళు గడిస్తే అక్కడి ఎముక తరిగిపోతుంది. దాని పైన, చెంప వెనుక, సైనస్ అనే గాలిగది ఉన్నది. అదీ కిందికి దిగివస్తుంది. గుంజ పాతాలంటే నేలలో లోతుండాలి కదా! టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని స్వీడనులో బ్రేనెమార్క్ 1952లో గమనించి, 1965లో మనిషి దవడలో మరలు బిగించారు. లోతు చాలనివారికి 1970వ దశకంలో అమెరికాలో టేటం అనే దంతవైద్యుడు దారి చూపారు. గది పక్కగోడలో చిన్న కిటికీ తెరచి, కోడిగుడ్డు పెంకులోపలి పొరవంటి పల్చని పొరను పైకి లేపి, ఆ ఖాళీలో ఎముకపొడి నింపడమే ఆ పద్ధతి. పొర చిరగకుండా లేపడంలోనే పనితనమంతా ఉన్నది.

ఆ పొడి ఎక్కడిది? రోగి గడ్డంనుంచో తుంటినుంచో తీసిన ఎముక కావచ్చు. అప్పుడు మరో గాయం తప్పదు. చనిపోయిన దాతది కావచ్చు. శుద్ధిచేసిన ఆవు ఎముక కావచ్చు. లేదా కర్మాగారంలో చేసినది కావచ్చు.

మా వీధిలో ఒక రిటైరైన పంతులుగారున్నారు. హైదరాబాదులో అంతా సిద్ధమయ్యాక, "నాయనా, ఈ పొడి దేనిది?" అని అడిగారట. డాక్టరు డబ్బా తిప్పి చూసి, "ఆవుదండీ" అన్నాడు. పంతులుగారు కుర్చీ దిగిపోయారు! సంతకం పెట్టే కాగితంలో ఈ వివరం ఉండవచ్చు, కాని ఇంగ్లీషులో సన్నని అక్షరాలు ఎవరు చదువుతారు? రోగి అడగకముందే నోటితో చెప్పడం వైద్యుని ధర్మమని నా అభిప్రాయం.

చివరకు ఆయనకు కర్మాగారపు పొడే పెట్టారు. అందులో రెండు రకాలు కలిసి ఉంటాయి. ట్రైకాల్షియం ఫాస్ఫేటు త్వరగా కరిగి కొత్త ఎముకకు చోటిస్తుంది; హైడ్రాక్సీ ఎపటైట్ నెమ్మదిగా కరుగుతూ ఆకారం నిలుపుతుంది. పొడి తనంతట ఎముక కాదు. అది పరంజా మాత్రమే. దాని మీదుగా మన ఎముకే పెరగాలి. సొంత ఎముక పెట్టినంత వేగంగా పెరగదు గాని, మర పట్టు విషయంలో పెద్ద తేడా కనబడటంలేదు. పాత ఎముక నాలుగైదు మిల్లీమీటర్లయినా మిగిలితే మర అప్పుడే బిగించవచ్చు. లేకుంటే ఆరునుంచి తొమ్మిది నెలలు ఆగాలి. చుట్ట, బీడీ, అదుపులేని మధుమేహం ఈ పనికి బద్ధశత్రువులు.

పంతులుగారికి ఎనిమిదో నెలలో మర బిగించారు. సంక్రాంతికి సకినాలు మెత్తగా చేయమని మాత్రం ఇంట్లో ఇప్పటికీ పోరుతూనే ఉన్నారు.