వార్డు హద్దులు – మన వీధి పడుగు

మదురైలోని మన నేత కుటుంబములలో అనేకులు తమ వార్డు సంఖ్య మారినదని మాత్రమే ఎరుగుదురు. ఎందుకు మారినదో, అందువలన వీధికి వచ్చు లాభనష్టము లెట్టివో విచారించువారు తక్కువ. ఓట్లనాడు ఒక పూట సందడి, మరునాడు మరల మగ్గము. కనుక ఈ సంగతిని కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

ఈ ఊరికి హద్దులు మారుట క్రొత్త గాదు. 1840 ప్రాంతమున కలెక్టరు బ్లాక్‌బర్న్ పాత కోటగోడలు పడగొట్టించి అగడ్త పూడ్పించగా, ఆ జాగాలోనే వెలి వీధులు, మారెట్టు వీధి, పెరుమాళ్ మేస్త్రి వీధులు వెలసినవి. 1866లో మునిసిపాలిటీ, 1971లో కార్పొరేషను ఏర్పడినవి. 2011లో జరిగిన మార్పు అన్నిటికంటె పెద్దది. అవనియాపురం, ఆనైయూరు, తిరుప్పరంకుండ్రం మునిసిపాలిటీలును, తిరునగర్, హార్వేపట్టి, విలాంగుడి పట్టణ పంచాయతీలును, 11 గ్రామ పంచాయతీలును నగరములో కలిసినవి. సుమారు 52 చదరపు కిలోమీటర్ల ఊరు 148 అయినది. 72 వార్డులు 100 అయినవి.

వార్డులు పెరిగినవి గదా, మనకు బలము పెరిగినట్లే యని కొందరు సంతోషించిరి. లెక్క వేసి చూడుడు. 2011 జనాభా లెక్కలలో పాత హద్దుల లోపల 10 లక్షల 17 వేలమంది, క్రొత్త హద్దులలో సుమారు 14 లక్షల 70 వేలమంది. వార్డులను జనాభానుబట్టి పంచినచో పాత ఊరికి వచ్చునవి నూటికి 69 మాత్రమే. పూర్వము సభలోని 72 స్థానములును పాత ఊరివే. శివారులవారికి రోడ్లు, నీళ్ళు కావలసినవే, వారిని మేము తప్పు పట్టము. కాని మన పేటల మాటకు సభలో ఉండిన పాలు తగ్గినదనుట నిజము.

2016 అక్టోబరులో ఆ సభ గడువు ముగిసినది. వార్డులను తిరిగి విభజించుటకై 2017లో రాష్ట్రమున ప్రత్యేక చట్టము వచ్చినది. అయినను ఎన్నిక జరిగినది 2022 ఫిబ్రవరిలోనే. ఐదేండ్లకు పైగా మురుగుకాలువ పొంగినను చెప్పుకొనుటకు కౌన్సిలరే లేడు!

ఇక గీత సంగతి. వార్డు హద్దు తరచుగా వీధి నడుమనుండి పోవును. తూర్పు వరుస ఇండ్లు ఒక వార్డు, పడమటి వరుస మరియొకటి. ఉద్యోగస్థుల వీధికి దీనివలన పెద్ద చిక్కు లేదు. మనకు అట్లు గాదు. ఉదయమున పడుగు చాచి గంజి పెట్టు వీధి మనకు నడిచే దారి మాత్రమే గాదు, పనిశాల కూడ. ఆ వీధిలో గుంట పడిన, కుళాయి ఎండిన, అద్దకపు నీరు నిలిచిన, ఒక కౌన్సిలరు రెండవవారిని చూపును, ఆయన మొదటివారిని చూపును. నూరు కుటుంబములు ఒకచోట ఉండిన ఒక మాట. ఏబదేసి చొప్పున చీలిన, రెండు వార్డులలోను ఎవరికిని లెక్కకు రాని మాట.

మారనివి కూడ చెప్పవలెను. సహకార సంఘములో సభ్యత్వము ఆ సంఘపు నిబంధనావళిలో వ్రాసిన కార్యపరిధినిబట్టి యుండును గాని వార్డునుబట్టి కాదు. వార్డు మారిన నూలు గాని కూలి గాని తగ్గదు. శాసనసభ నియోజకవర్గముల హద్దులు కూడ వేరు. అవి 2008 నాటి విభజన ప్రకారము ఏర్పడినవి.

2022లో రాష్ట్ర ప్రభుత్వము వార్డు కమిటీలకు, ఏరియా సభలకు నిబంధనలు చేసినది. ఒక్కొక్క వార్డును కొన్ని ఏరియాలుగా విభజించి, ఆ ఏరియా ఓటర్లందరితో సభ జరుపవలెను. కౌన్సిలరు వార్డు కమిటీకి అధ్యక్షుడు. ఆ ఏడు నవంబరు 1వ తేదీన ఈ సభలు జరిగినవి. వార్డు గీత మన చేతిలో లేకపోయినను ఈ చిన్న గీతలవద్ద మన వీధి చీలకుండ చూచుకొనుట సులభము. స్త్రీలు తప్పక పోవలెను. నీళ్ళ కష్టము, గంజి కష్టము వారికే ఎక్కువ తెలియును.

ముసాయిదా హద్దులు ప్రకటించినపుడు అభ్యంతరములు అడుగుదురు, గడువు స్వల్పము. అపుడు “మా కులమువారము ఒకచోట నుండవలె” నని వ్రాసిన ప్రయోజనము లేదు. చట్టము చూచునది జనాభాను, వీధులను. ఏ వీధి, ఏ తలుపు నంబరు నుండి ఏ నంబరు వరకు, ఎన్ని ఇండ్లు, ఎన్ని మగ్గములు అని తమిళమున స్పష్టముగా వ్రాయవలెను. మన నూరిండ్లను ఈవలికి తెమ్మనునపుడు, బదులుగా ఏ నూరిండ్లు ఆవలికి పోవచ్చునో కూడ చూపవలెను. తూకము చెడగొట్టు అర్జీని ఎవరును అంగీకరింపరు.

రానున్న జనాభా లెక్కలకు 2027 మార్చి 1వ తేదీ ఆధారదినమని 2025లో ప్రకటించినారు. ఇకముందు గీయు గీతలకు ఆ లెక్కలే పునాది కాగలవు. ఇంటికి వచ్చిన లెక్కవారికి మాతృభాష తెలుగనియు, ఇంటనే మగ్గము నేయుచున్నామనియు, కండెలు చుట్టు ఆడవారిని కూడ పనివారిలో చేర్చియు చెప్పుడు. ప్రతి వీధికి ఒకరు ఇప్పుడే ఇండ్ల, మగ్గముల పట్టిక వ్రాసి యుంచవలెను.