నీటి చుక్కను నిలిపేది ఫ్లాష్ వెలుగే

నీటి చుక్క ఫొటో కోసం సూరత్‌లో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా ఖరీదైన కెమెరా అక్కర్లేదు. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే చుక్క చివరికి సెకనుకు దాదాపు 2.8 మీటర్ల వేగం అందుకుంటుంది. 1/200 సెకనులో అది 14 మిల్లీమీటర్లు కదిలి, ఫొటోలో గీతలా సాగుతుంది. 1/10,000 సెకనులో కదిలేది 0.3 మిల్లీమీటర్లే. ఫ్లాష్ పవర్‌ను 1/32కో 1/64కో తగ్గిస్తే, చాలా ఫ్లాష్‌లలో వెలుగు దాదాపు అంతసేపే ఉంటుంది. చీకటి గదిలో చుక్కను నిలిపేది ఆ వెలుగే, షట్టర్ కాదు. హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో పాలచుక్క కిరీటాన్ని ఫొటో తీసింది ఈ సూత్రంతోనే.

ఇంట్లో నీళ్ల పళ్లెం, ట్రైపాడ్, పైన సన్నటి రంధ్రమున్న ప్లాస్టిక్ సంచి చాలు. చుక్క పడేచోట పెన్ను పట్టి మాన్యువల్‌గా ఫోకస్ చేయాలి. వెనక సూరత్ చీర వేలాడదీసి ఫ్లాష్‌ను దానివైపు తిప్పితే, ఆ రంగులే చుక్కలో మెరుస్తాయి.