ప్రమాణం ఒక్కటే చాలదు, తోడు కూడా కావాలి

సంస్కృత పాఠశాలలో చిరకాలం అధ్యాపనం చేసి విశ్రాంతి పొందినవాడను. సురాపానం మహాపాతకాలలో ఒకటని ధర్మశాస్త్రం చెప్పిన సంగతిని ఎన్నో సభలలో వివరించాను. మౌసలపర్వంలో యాదవులు మద్యపు మైకంలో ఒకరినొకరు సంహరించుకొన్న వృత్తాంతం చెబుతుంటే శ్రోతలు తలలూపేవారు. అయితే ఆ వ్యసనంలో చిక్కుకొన్న నా మేనల్లుడికి మాత్రం నా ఉపన్యాసాలు ఏ విధంగానూ ఉపకరించలేదు. అతని అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను.

అతనిచేత మూడు పర్యాయాలు స్వామి సన్నిధిలో ప్రమాణం చేయించాను. ఏటా మాల ధరించి, మండలకాలం చుక్క ముట్టకుండా నియమంగా ఉండేవాడు. మాల తీసిన వారానికే మళ్ళీ మొదలు. మాట తప్పిన ప్రతిసారీ నేను పరుషంగా నిందించేవాడను. ఫలితంగా అతడు త్రాగడం మానలేదు, మా ఇంటికి రావడం మానాడు. ఆ దోషం నాది.

చివరకు మా చెల్లెలు అతనిని వైద్యుని వద్దకు తీసుకొనిపోయింది. నేనూ వెంట వెళ్ళాను. ఇది వ్యాధి అని, చికిత్స ఉన్నదని ఆయన చెప్పారు. చాలాకాలంగా ఎక్కువగా త్రాగేవారు అకస్మాత్తుగా మానితే చేతులు వణకడం, మూర్ఛ, మతిభ్రమణం కలుగవచ్చుననీ, ప్రాణాపాయం కూడా ఉన్నదనీ, కనుక వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలనీ హెచ్చరించారు. దీక్ష తొలిదినాలలో అతని చేతులు వణుకుతుంటే ఉపవాసపు నీరసమనుకొన్న నా అజ్ఞానం అప్పుడు తెలిసింది. మానిన తరువాత నిలబడడానికి, అదే దారిలో నడిచినవారి సాంగత్యం వెదకుకొమ్మని ఆయన సూచించారు.

ఆ సాంగత్యం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు దీనిని ప్రారంభించారు. ఇద్దరూ ఆ వ్యసన బాధితులే. బాధితుడు మరొక బాధితునితో మనసు విప్పి మాట్లాడితే ఇద్దరూ నిలబడగలరన్నదే వారి అనుభవం. ఇందులో చేరడానికి రుసుము లేదు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత. సభ్యుల పేర్లు బయట వెల్లడించరు. భగవంతుని గురించి మాట్లాడుతారు కాని ఏ మతానికీ చెందినవారు కారు. ఎవరి భావన వారిదే.

జీవితాంతం త్రాగనని వారు శపథం చేయరు. ఈ ఒక్కరోజు త్రాగను అనుకొంటారు. ఇది విని నేను ఆశ్చర్యపోయాను. మనం పూజకు సంకల్పం చెప్పుకొనేటప్పుడు ఆనాటి తిథివారనక్షత్రాలే కదా చెప్పుకొంటాము! రేపటి పూజకు రేపే సంకల్పం. జీవితకాలపు భారాన్ని ఒక్క ప్రమాణంతో అతని తలపై మోపినవాడను నేనే.

సమావేశం ఎక్కడ జరుగుతుందో తెలుసుకొనడం కష్టం కాదు. మద్యవ్యసన విముక్తికై కేంద్ర ప్రభుత్వం 14446 అనే ఉచిత ఫోను నంబరు నడుపుతున్నది. మానసిక బాధలకు సంబంధించి టెలిమానస్ నంబరు 14416కు రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలలోనూ, దగ్గరలోని వ్యసన విముక్తి కేంద్రాలలోనూ విచారించవచ్చును. ఆ సంస్థవారి వెబ్‌సైటులోనూ వెదకవచ్చును. వేళలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు ఫోను చేసి రూఢి చేసుకొనాలి. ఏ భాషలో జరుగుతుందో, బహిరంగ సమావేశమో కాదో కూడా అడగాలి. బహిరంగమైనదానికి కుటుంబసభ్యులు వెళ్ళవచ్చును, తక్కినవి బాధితులకు మాత్రమే. ఊరిలో లేకపోతే ఫోనులోనూ, ఆన్‌లైనులోనూ జరిగేవి ఉన్నాయి. ఒకచోట మనసు కుదరకపోతే మరొకచోటికి వెళ్ళి చూడాలి. కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ అనే వేరొక సాంగత్యమున్నది.

మాకు దొరికిన సమావేశం ఒక చర్చి ఆవరణలోని గదిలో జరుగుతుంది. ఆ సంగతి తెలిసి క్షణకాలం తటపటాయించాను. అది గ్రహించి మా మేనల్లుడు గేటు వద్ద ఆగి, "మామయ్యా, మీరు రానక్కరలేదు, నేను వెళ్ళివస్తాను" అన్నాడు. అతడు ఒంటరిగా లోపలికి వెళ్ళగలడని నాకు తోచలేదు. "పదరా, నేనూ వస్తాను" అన్నాను. లోపల పదిమంది, ఒక ఫ్యాను, టీ గ్లాసులు. అక్కడ విన్నది అక్కడే విడిచి రావడం వారి నియమం కనుక ఆ మాటలు వ్రాయను. అతనిని ఎవరూ నిందించలేదు, ప్రశ్నించలేదు. తిరుగుప్రయాణంలో అతడు చాలాకాలానికి నాతో ముఖాముఖి మాట్లాడాడని మాత్రం చెప్పగలను.

ఇది జరిగి సంవత్సరం దాటింది. మధ్యలో ఒకసారి జారిపడ్డాడు. ఆనాడు నేను ప్రమాణం గుర్తు చేయలేదు. "మళ్ళీ సమావేశం ఏ రోజురా?" అని అడిగాను. తలవంచుకొని, "రేపు సాయంత్రం" అన్నాడు. వెళ్ళాడు.

మీ ఇంట ఇట్టివారుంటే స్వామికి మ్రొక్కుకొనండి, తప్పు లేదు. ఆ మ్రొక్కుతోపాటు పై నంబరు కూడా అతని చేతిలో పెట్టండి. తొలిరోజు గేటు వరకైనా తోడు వెళ్ళండి. స్వస్తి.